ముల్లు

మా తాత బెస్త ఉసేనప్ప
కృష్ణల పుట్టి తోలెటోడు.
యుద్ధానికి పోయి తెల్లోళ్ళ ఓడల బొగ్గేసిండు.

"మునుగోడ" అంటే
నల్లగొండ దిక్కు ఊరనుకున్నది అవ్వ.
కాదు, నీళ్ళ కింద పోయే జర్మనోళ్ళ ఓడ.
ఓడినంక పైకి తేలిందంట, నల్లజెండా ఎత్తుకొని.
లోపల్నుంచి మీసాలు రాని పోరగాళ్ళు
ఎండకు కండ్లు చికిలించుకుంట ఎక్కొచ్చిండ్రంట.

ఆ చలికాలమే దాన్ని నడి సముద్రానికి గుంజకపోయి
ఫిరంగులతోటి ముంచిండ్రు, ఖాళీదాన్ని.
"చేతులెత్తినదాన్ని గూడ కొడ్తర్రా?"
చుట్ట ఆరిపోయేదాక అదే అడిగెటోడు.

దాని కడుపులకెళ్ళి ఊడబెరికిన ఇత్తడి బిళ్ళ,
లోతు చెప్పేది,
కొల్లాపురం దిగువ మా ఇంటి రాతిగోడకు
మేకు కొట్టి ఉండె.
చుట్టాలు టైమెంతైందని దాన్ని చూసెటోళ్ళు.
ముల్లు ఎప్పుడూ సున్న మీదనే.

ఎనభై ఒకటిల ప్రాజెక్టు నీళ్ళొచ్చినయి.
వేలిముద్రలేసి ట్రాక్టరెక్కినం.
తలుపులు, గంగాళం, ఈనిన మేక...
అది ఎవరికీ యాదికి రాలె.
తాతకు వచ్చే ఉంటది. అనలె.

ఈ కరువుకు, ఎన్నడూ తేలని మా వాడ తేలింది.
పుట్టి దిగి, మోకాలెత్తు బురదల పోయి
పాచి పట్టినదాన్ని అంగీ కొసతోటి తుడ్చిన.

చిలుం పట్టి ఆగిపోయింది ముల్లు,
పద్దెనిమిది మీటర్ల కాడ.

ఏ ఆఫీసు కాయితంల లేని మా ఇంటి లోతు.

మేకు పీకబోయి ఆగిన.
పుట్టి అతను తొందర పెడ్తుండు.
ఆగస్టుల మళ్ళ వస్తయి నీళ్ళు.