ఒంటిగంటా పది

రోజూ సరిగ్గా ఒంటిగంటా పదికి
నేను చచ్చిపోతా.

తుపాకీ దెబ్బకి కాదు.
గురి పెట్టి, ఊపిరి బిగబట్టి,
గోడ చాటున వాడి నెత్తి కనపడే లోపల
తెర కొయ్యబారిపోద్ది.
నా బొమ్మ మాత్రం గోడకేసి నడుస్తానే ఉంటది.
పింగ్ మూడంకెలు దాటి, నాలుగంకెలు దాటి
ఆ పైన అంకె కూడా ఉండదు.

అక్కడ నా పేరు రొయ్యమీసం.
మీసం ఉంది గదా, మగోడేనని అందరూ నమ్మారు.
రొయ్యకి లేదా బారెడు మీసం అని
ఒక్కడికీ తట్టలా.
మార్కాపురం నుంచి ఆడేవాడు పలక.
"మీసం, మళ్లీ పొయ్యావా?" అంటాడు చెవిలో.
ఆ మాట కూడా పెంకులు పెంకులుగా వస్తది:
"మీ... మళ్... యావా..."

చెయ్యాల్సినవన్నీ చేశా.
రౌటర్ని ఫ్రిజ్ మీద నుంచి దించి
మేత బస్తాల మీద పెట్టా.
ఛానల్ ఒకటి నుంచి పదకొండుకి మార్చా.
అమ్మ ఫోన్ని వైఫైలోంచి తరిమేశా,
అది తొమ్మిదికే నిద్రపొయ్యే ఫోనని తెలిసి కూడా.
ఆపి, ముప్పై లెక్కపెట్టి, వేశా.
పాస్‌వర్డు మార్చి, మార్చిందేందో నేనే మర్చిపొయ్యా.
సిమ్ము డేటా అంటారా,
మా గుంటల కాడ ఒకటే గీత, అదీ గాలివాటం.

కేబుల్ జిలానీ గంగపట్నం నుంచి మోపెడ్ మీద వచ్చి
వెంట్రుక కంటే సన్నటి గాజుపోగుని
స్పిరిట్‌తో తుడిచి, మీటర్లో గుచ్చి
"మైనస్ ఇరవై. లక్షణంగా ఉండాది పాపా.
లైనుకి జొరం లేదు" అన్నాడు.
పోతా పోతా గుమ్మం కాడ ఆగి
"పోయేటప్పుడు ఎర్ర లైటా,
అసలు లైట్లే ఉండవా?" అన్నాడు.

నేనెప్పుడూ తెర వంకే చూశా గానీ
రౌటర్ మొహం చూళ్లేదు.

ఆ రాత్రి చూశా.
ట్యూబులైటు ఒకసారి నిట్టూర్చింది,
ఫ్యాను మెడ వాల్చింది,
రౌటర్ కళ్లన్నీ ఒక్కసారే మూసుకుంది.
బయట, గట్టు కింద, రెండో గుంటలో
నాలుగు చక్రాలు
తెల్లగా నీళ్లు చిమ్ముతా లేచాయి.

ఆ టైముకి నీళ్లల్లో గాలి తగ్గిపోద్ది.
నాయన టార్చి వేసి చూసి,
రొయ్యలు పైకి తేలకముందే
పచ్చ బటన్ నొక్కుతాడు.
మా లైన్లో ఉన్న కరెంటంతా అటు దూకుద్ది.
లక్షా ఎనభై వేల రొయ్యలు ఒక గుక్క పీల్చుకుంటాయి.
ఆ గుక్కలో నేను చస్తా.

చిన్న బ్యాటరీ డబ్బా పెట్టుకోమన్నాడు జిలానీ,
పద్దెనిమిది వందలు.
మేత బాకీ తీరినాక చూద్దామంది అమ్మ.
సరేలెమ్మని పలకకి చెప్పా,
ఒంటిగంటా పదికి నాకు రెండు నిమిషాలు సెలవని.
వాడు ఎందుకని అడగలా.
నేనూ చెప్పలా.

మొన్న బేస్తవారం
ఆట ఆగలా.

ఐదుగురం మిగిలాం. తర్వాత ముగ్గురం.
పింగ్ నలభై. ముప్పై ఎనిమిది.
ఇంత సాఫీగా నా బొమ్మ ఎన్నడూ పరిగెత్తలా.
పలక అరుస్తన్నాడు, "మీసం, ఇయ్యాల నీదే!"
పైన మూల గడియారం
ఒంటిగంటా పద్నాలుగు.

పద్నాలుగు.

ఫోను మంచం మీద పడేసి ఉత్త కాళ్లతో ఉరికా.
గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో నాయన,
గడ్డం రొమ్ముకి ఆనించి.
ఒళ్లో టార్చి వెలుగుతానే ఉంది,
ఆయన లుంగీ గళ్లు లెక్కపెట్టుకుంటా.
నీళ్ల అంచున వేలవేల మీసాలు
సూదులు చల్లినట్టు.

లేపలా. పచ్చ బటన్ నేనే నొక్కా.
ఒక చక్రం మూలిగింది, రెండోది, మూడోది.
నాలుగోదాని స్టార్టరు తన్నితే గానీ పట్టలా.
ఆ చప్పుడుకి లేచాడు.
"టైమెంత?" అన్నాడు.
"పదే" అన్నా.

ఇంటి కిటికీలో దీపం ఒకసారి వంగి లేచింది.
అక్కడ నా బొమ్మ గోడకేసి నడుస్తా ఉంటది.
ఎవడో తీరిగ్గా కాల్చుకుంటాడు.

పొద్దున చూస్తే పలక:
"గెలిచే ఆట వదిలేసి యాడికి పొయ్యావ్?"

ఏం రాయాల్నో తెలీక
పళ్లు తోముకుని, టీ తాగి, మళ్లీ చూసి
"రొయ్యలకి సిగ్నల్ పొయ్యింది" అని పంపా.

నవ్వే మొహాలు మూడు పంపాడు.