టికెట్టు వెనక

బనగానపల్లె బస్టాండులో
ఒంటిగంట బస్సు ఎన్నింటికని అడిగితే
"ఒంటిగంటదా? రెండున్నరకొస్తాది" అన్నాడు
సోడాలు కొట్టే పిల్లోడు, నవ్వకుండా.

టికెట్టు ముప్పై రెండు. నలభై ఇచ్చాను.
కండక్టర్ మద్దిలేటి దాన్ని తిప్పి
వెనక పెన్నుతో ఏదో గీకి
"దిగేటప్పుడు గుర్తుసెయ్ సామీ" అన్నాడు.

కిటికీకి అద్దం లేదు.
నిలువునా పాతిన నాపరాళ్ల గట్లు
పళ్లవరసలా వెనక్కి పోతున్నాయి.
పక్కసీటు ఓబుళమ్మ ఒళ్లో కోడిపెట్ట,
ఎవరి తాలూకని నన్నే చూస్తోంది.
"గుహలకా? ఆడేముంది నాయనా,
రాయే గదా!" అంది ఆమె.
పెట్ట కళ్లు మూసుకుంది.

క్రాసింగులో దిగాను.
ఎంత దూరమంటే చెయ్యి చాపారు, అంకె చెప్పలేదు.
"ఈడనే" అన్నారు. ఒక మైలు.
"ఈడనే" అన్నారు మళ్లీ.
ఎండొక్కటే టైముకొచ్చింది.

దస్తగిరి ట్రాక్టరు ఆపి
బండల మీద గోనెపట్ట పరిచాడు.
డబ్బు తీస్తే కసిరాడు:
"నీకోసరం పోతాన్నానా యేంది?
నా దోవలో నువ్వుంటివి."

చేరేసరికి గేటుకు తాళం పడుతోంది.
తాళం వేస్తున్న చెయ్యే
కుండలోంచి చెంబెడు నీళ్లు ముంచిచ్చింది.
గుహలు చూడలేదు.

ఇంటికొచ్చి చొక్కా నానబెడుతుంటే
జేబులో మెత్తటి కాగితం.
వెనక వంకరగా ఎనిమిది.
గోనెపట్ట లెక్క, నీళ్ల లెక్క
ఎవరూ ఎక్కడా రాయలేదు.

మద్దిలేటిని పోయి అడగాలి,
ఒంటిగంట బస్సుకు.
రెండున్నరకి.