అచ్చు అతుకు

వయాలాలో ఫిబ్రవరి.
షెడ్డు రేకు మీద చెయ్యి ఆనితే బొబ్బే.
గాలి ఇటు తిరిగిందంటే ఇనుప ఖనిజం ధూళి
ఆరేసిన దుప్పట్ల మీద, నాలుక మీద.

ఇంజన్ని మెర్విన్ ఒక్కడే మార్చాడు.
పాత యూట్‌లోని కార్బురేటర్‌దాన్ని గొలుసు కప్పీతో పైకి లాగి,
గుద్దుకుని తుక్కుకి పోయిన ఒక సెడాన్‌దాన్ని
పసిబిడ్డని తొట్లో పడుకోబెట్టినట్టు దించాడు.
ఉక్కు ఫ్యాక్టరీలో ఇరవయ్యేడేళ్ళు క్రేన్ నడిపిన మనిషి,
బరువులు ఆయనకొక లెక్కా?
వైర్ల దగ్గర ఆగిపోయాడు.

"ఎరుపూ ఆకుపచ్చా నాకు ఒకటే" అన్నాడు
కంచె అవతల నుంచి, తప్పు ఒప్పుకుంటున్నట్టు.
"రెండూ మట్టే."
మరి సిగ్నల్ లైట్లో?
"పైన వెలిగిందా కింద వెలిగిందా, అంతే చూస్తా."

ఆసుపత్రి ల్యాబులో రాత్రి డ్యూటీ దిగి
నిద్రపోవాల్సినదాన్ని
బోర్లించిన పాలక్రేటు మీద కూర్చున్నాను.
బల్ల మీద, బయటికి తీసిన పేగుల్లా, వైర్ల గుత్తి.
లూమ్ అంటారట దీన్ని.
నవ్వొచ్చింది.
మా ఇంట్లోనూ ఒకటుండేది, గుంట మగ్గం.

పడుగు కొసకి వచ్చిన రోజు
కొత్త పోగుల్ని పాత కొసలకి ఒక్కోటే అతకాలి,
మూడువేల పైచిలుకు.
మా పిన్ని వేళ్ళకి బూడిద అద్దుకుని మెలిపెట్టేది,
ముడి వేసేది కాదు.
ముడి పడితే అచ్చులో ఇరుక్కుంటుంది, పోగు తెగుతుంది,
ఆ పూట మా నాన్న అన్నం తినడు.

"ఇరవై మూడు" అంటాడు మెర్విన్, కళ్ళజోడు ముక్కు చివరికి జారి.
గోధుమ, మీద తెల్ల గీత.
"క్రాంక్ సెన్సార్. ముప్పై ఒకటి?"
పసుపు.
"రెండో ఇంజెక్టర్. నలభై?"
వంకాయ రంగు, అనేశాను తెలుగులోనే.
ఆయన మారుమాట లేకుండా
టేపు ముక్క మీద తన అక్షరాల్లో వంకాయ అని రాసి అంటించాడు.

సోల్డర్ పొగ. బూడిద లేదు గానీ
వేళ్ళకి దారి తెలుసు:
రాగి పోచలు విప్పడం, ఒకదాంట్లో ఒకటి దూర్చడం,
ఉబ్బు రాకుండా మెలిపెట్టడం.

నాలుగో రోజు తాళం తిప్పాడు.
పంపు రెండు సెకన్లు గుయ్యిమని ఊరుకుంది.
స్టార్టర్ తిరుగుతోంది, తిరుగుతోంది.
ఇంజన్ అందుకోదే!
మళ్ళీ మొదటి పిన్ను నుంచి మీటరు పెట్టాం.
అతుకులన్నీ బాగానే ఉన్నాయి.
మర్నాడూ బాగానే ఉన్నాయి.
మెర్విన్ కుక్క కూడా మమ్మల్ని వదిలేసి
నీళ్ళతొట్టి నీడకి పోయింది.

చివరికి దొరికింది:
కొత్త ఇంజనని ముచ్చటపడి నల్ల పెయింట్ కొట్టాడు కదా,
ఎర్త్ బోల్టు కింద కూడా కొట్టాడు.
వైరుంది, బోల్టుంది,
మధ్యలో కాగితమంత ముచ్చట.

గరుకు కాగితంతో రుద్దాను.
రూపాయి బిళ్ళంత ఇనుము బయటపడింది.

తుమ్మింది.
ఇంకోసారి తుమ్మింది.
పట్టుకుంది.

మెర్విన్ ఏమీ అనలేదు.
గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు,
శుభ్రంగా ఉన్నవాటినే, చాలాసేపు.

డాష్‌బోర్డు మీద ఒక దీపం మాత్రం ఆరలేదు.
ఆ కంప్యూటర్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి అలవాటుపడ్డది.
ఇక్కడున్నవి చేతి గేర్లు.
అది పిలుస్తుంది, అవతల పలికేవాళ్ళు లేరు,
అందుకని దీపం పెడుతుంది.
ఆ పిలుపు తీగే వంకాయ రంగుది.
కొస మడిచి, టేపు చుట్టి, గుత్తిలోనే ఉంచేశాం.

"ఏ రంగు దీపం అది?" అడిగాడు.
నారింజ.
"సరే" అన్నాడు, గేరు వేస్తూ,
"ఎడమ నుంచి మూడోదని గుర్తుపెట్టుకుంటా."