లోడ్ చార్ట్

నలభై టన్నుల గర్డర్‌ను
రెండు వేళ్లతోని లేపుత.
హిద్ద్ యార్డుల, క్రేన్ క్యాబిన్‌ల
ఏసీ గాలికి మోకాళ్లు సల్లవడంగ
పన్నెండు గంటలు ఒక్కతీరుగ కూసుంట.
కింద రిగ్గర్ రోడెల్
చూపుడువేలు మీదికి పెట్టి తిప్పితే లేపాలె,
కిందికి పెట్టి తిప్పితే దించాలె,
చెయ్యి సాపి అరచెయ్యి ఊపితే ఆగాలె.
తిరిగే వేలు మీద ఇంకో అరచెయ్యి కప్పిండంటే
మెల్లగ.
పదకొండేండ్ల సంది మా ఇద్దరికి ఇదే భాష.

వీసా రెన్యువల్ మెడికల్‌ల
డాక్టరమ్మ కాయితం జూసి
"రైస్ ఎంత తింటవ్?" అన్నది.
ఎంతని చెప్పాలె?
ఎన్నడన్న కొలిచిన్నా?
లింబాద్రి వార్చిన గిన్నెల
నా వంతు గుట్ట నాకుంటది,
గుట్ట నడుమ పప్పు గుంత.
రాత్రికి అదే, పొద్దుగాల డబ్బల అదే.

క్రేన్‌కు లోడ్ చార్ట్ ఉంటది.
బూమ్ ఎంత సాపితే ఎంత బరువు ఆగుతదో
అద్దం పక్కకు అంటిచ్చి ఉంటది.
దాటితే అలారం కొడ్తది.
నాకు కొట్టిన అలారం
నేనే ఇనలే:
నడిజాము దూప, కాలేళ్ల తిమ్మిరి,
క్యాబిన్ నిచ్చెన నాలుగో మెట్టు కాడ ఆయాసం.

ఆ రాత్రి మూడు గుడ్లు తిన్న.
కీరకాయ, పాలకూర, పెనం మీద కాల్చిన షేరి చేప.
లింబాద్రి గంటె పట్టుకొని నిలవడ్డడు.
"అన్నం మీద అలిగినవా?
ఇంత దూరం వచ్చింది ఆ బుక్క కోసమే గదనే!"
నిజమే.
దానికి ఇప్పటికీ నా తాన జవాబు లేదు.

మూడో నాడు తల దిమ్ము.
మూత తీసిన గిన్నె ఆవిరి
మంచం దాకా వచ్చి పేరు పెట్టి పిలిచింది.
లేచి పోయి మెట్ల మీద కూసున్న.
అప్పుడే గంగామణి ఫోను:
"అన్నం తిన్నవా?"
మా దిక్కు అది ప్రశ్న గాదు,
బాగున్నవా అనుడు.
"తిన్న" అన్న.
గుడ్డు అంటె గంట సంజాయిషీ.

శుక్రవారం రోడెల్ పిలిచిండు,
ముహర్రక్‌ల వాళ్ల మిద్దె మీదికి.
నీళ్ల ట్యాంకుల నడుమ స్కాఫోల్డింగ్ పైపు,
రెండు కొసలకు
కాంక్రీటు పోసి గట్టివడ్డ పెయింట్ డబ్బలు.
అన్ని కల్పి నలభై కిలోలు.
నలభై!
వంగి పట్టిన. నడుము కలుక్కుమన్నది.
డబ్బలు నేలను ఇడిస్తే ఒట్టు.
అటు సముద్రం మీద నేను నిలవెట్టిన గర్డర్
ఎండకు తళతళ మెరుస్తున్నది.
లేపింది ఇంజను. నేను ఉత్త వేళ్లు.

రోడెల్ నవ్వలే.
డబ్బలు తీసి ఉత్త పైపు ఇచ్చిండు.
రెండు శుక్రవారాలు ఉత్త పైపే.
మడిమెల మీద నిలవడుడు, ఎద ముంగటికి,
ఊపిరి కడుపుల బిగవట్టి
కుర్చీ మీద కూసుంటున్నట్టు దిగుడు,
లేచుడు.
పొద్దున కక్కూసుల కూసుంటె తొడలు ఏడ్సినయ్.
ఐదో వారం డబ్బలు ఎక్కించిండు.
ఎదురుంగ నిలవడి, నోట మాట లేకుంట
వేలు మీదికి పెట్టి తిప్పిండు,
దాని మీద అరచెయ్యి కప్పిండు.

లేచింది.
పిక్కల్ల ఎన్కటి మనిషెవడో
దుప్పటి తన్ని లేచినట్టైంది.

పెద్ద కథేం గాదు.
బెల్టుకు మొలతోని కొత్త బొక్క వొడిచిన.
కాయితం మీద అంకె దిగింది, కొంచెమే.
నిచ్చెనకు ఇప్పుడు నాలుగో మెట్టు ఏదో యాదికుండది.
పండుగ నాడు పిడికెడు అన్నంల మామిడి తొక్కు కలిపి
కండ్లు మూసుకొని తిన్న, తప్పు అనిపియ్యలే.

గంగామణి మొన్న
"ఏం తిన్నవ్?" అన్నది.
అన్నం అన్న మాట ఎప్పుడు రాలిపోయిందో!
"గుడ్లు."
"ఎన్ని?"

నిన్న మాపటికి మిద్దె మెట్ల మీద
ఆయాసంతోని చెప్పుల సప్పుడు.
లింబాద్రి, బొజ్జ మీద లుంగీ ఎగ్గట్టి.
"కడుపునిండ బువ్వ తినే వచ్చిన,
జూద్దాం, నాకు లేస్తదో లేదో"
అనుకుంట పైపు మీదికి వంగిండు.
ఎదురుంగ పోయి నిలవడ్డ.
చూపుడువేలు మీదికి పెట్టిన,
దాని మీద అరచెయ్యి కప్పిన.