మల్లేపల్లి దాకా

సుగర్ మూడొందలు దాటిందని
నల్లగొండ డాక్టరు చీటీ మీద రాసిచ్చిండు:
రోజూ నలభై నిమిషాలు నడక.
ముప్ఫై ఏండ్లు బస్సుల నిలబడ్డోనికి
నడువుమంటే యాడలేని కోపమొచ్చింది.
"బస్సు నడిచింది, నేనెన్నడు నడిచిన?"
అన్నడు మా సైదులు.

వారం దాకా గడప దిగలే.
ఎనిమిదో నాడు పొద్దుగాల
దేవరకొండ డిపో ఎనక ఖాళీ జాగల
ఒక్కడే తిరుగుతుండంగ చూసిన.
పెదవులు కదులుతున్నయ్.
జపమేమో అనుకున్న,
దగ్గరికి పోయి ఇన్న:
కొండమల్లేపల్లి... చింతపల్లి... మాల్...

ఒక్కో రౌండుకు ఒక్క స్టేజి.
మొదట్ల మల్లేపల్లి కాడ్నే ఆయాసం,
గోడకు ఆనుకొని కూలబడెటోడు.
ఎండలు ముదిరే యాళ్లకు మాల్ దాటిండు.

గోళీలు పాత తోలుసంచిల్నే,
చిల్లర అరల పొద్దటివి,
నోట్ల అరల రాత్రివి.
అన్నం సగం చేసి జొన్నరొట్టె పెడితే
"హాఫ్ టికెట్టు చేసినవా నన్ను" అని గొణిగిండు,
గొణుక్కుంటనే తిన్నడు.

నిన్న నేను మోకాళ్లకు నూనె రాసుకుంటుంటే
"నువ్వు గూడ ఎక్కు" అన్నడు.
నాతోని గాదంటే
"సీటు ఖాళీ ఉన్నది" అని మోచెయ్యి అందిచ్చిండు.

నేను మల్లేపల్లిల్నే దిగిన.
రాయి మీద కాళ్లు చాపుకొని కూసున్న,
సల్లగాలి తగుల్తుంది.

ఆయన ఆగలే.
యాచారం పోయొస్తడట,
ఇబ్రహీంపట్నం ఇప్పుడప్పుడే గాదట.
నన్ను రిటన్ల ఎక్కించుకుంటడట.