వెనక వాటా

కాశీబుగ్గ బస్టాండులో దిగి
ఎవర్నడిగినా చూపిస్తారు కండక్టరు గారిల్లు.
ముందు రెండు గదులూ మావి.
వెనక వాటా ఒక గది, ఒక వంటిల్లు,
నూతి పక్కన రేకుల బాత్రూము.

తుఫానుకి ఇల్లు కూలినవాళ్ళకి
కొత్తిల్లు లేచేదాకా అద్దె ప్రభుత్వమే కడుతుందని
సచివాలయం కుర్రాడు కాగితం తెచ్చేడు.
"ఇవ్వకు మావా, గవర్నమెంటు అద్దె
వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు" అన్నాడు
మేడింటి కూర్మారావు.

ఊర్వశి వచ్చింది.
వెనకాల దండాసి, భుజమ్మీద గ్యాసు బండ.
ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టే చేతులు.
వేళ్ళ చివర్లు మాడిన అట్టు అంచుల్లా ఉన్నాయి.
"అద్దెంత బావూ?"
రెండువేల రెండొందలు అనాల్సిన నోరు
మూడువేలంది.
సర్కారు సొమ్మే కదా,
ఆమె కొంగుముడి విప్పక్కర్లేదు కదా.
ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది.
తర్వాత నూతిలోకి చూసింది.
"ఎండల్లో నీలుంటాయా?" అంది. అంతే.

ఒక నెల రాలేదు. రెండో నెలా రాలేదు.
ఇంటి పట్టా ఆమె పేర ఉంది,
ముద్ర ఆమే వెయ్యాలి.
బొటనవేలు పెడితే ఎర్ర లైటు.
చూపుడువేలు పెట్టినా ఎర్ర లైటే.
పదివేళ్ళూ అయిపోయాయి.
గీతలన్నీ జీడిసొన తినేసింది.
"ఈ మడిసే లేదంటంది మిసను" అని నవ్వింది.
వారం పని మానితే కొత్త చర్మం వస్తుందన్నారు.
వారం పని మానితే ఏం తింటారో
ఎవరూ అనలేదు.

నాలుగో నెల ఒక పూట
నూతి మోటారు ఫ్యూజు పీకేసేను.
చెప్పకూడదు గానీ చెబుతున్నాను.
ఆమె తాడూ బకెట్టూ వేసి తోడుకుంది,
మా బిందె కూడా నింపి
గుమ్మంలో పెట్టి వెళ్ళింది.

ఐదో నెలలో కళ్ళు చూసే మిషను వచ్చింది.
కళ్ళు మాత్రం ఆమెవే అని ఒప్పుకుంది.
పదిహేను వేలు, ఒక్కసారే, నా ఖాతాలో.
బ్యాంకు కాగితం మీద అచ్చు:
లబ్ధిదారు, పక్కన నా పేరు.

ముప్పయ్యొక్కేళ్ళు
మందస రోడ్డు గతుకుల్లో నిలబడి బతికినవాణ్ణి.
చిల్లర లేకపోతే టికెట్టు వెనక రాసిచ్చేవాణ్ణి.
అడిగినవాళ్ళకి ఇచ్చేను.
మరిచిపోయి దిగినవాళ్ళది
ఏమయ్యేదో నా తోలుసంచీకి తెలుసు.

నెలకి ఎనిమిదొందలు, ఐదు నెలలు.
ఎవరికివ్వాలి?
సర్కారుకివ్వడానికి కౌంటరెక్కడుంది?
ఆమెకిస్తే, నాది కాదు బావూ అంటే?

మొన్న స్లాబు పడిందట.
పొట్లం నిండా జీడిపప్పు ముక్కలు తెచ్చింది.
"సరస్పతక్క ఇంతకు ముందు ఈ గదిలోనే ఉండీదంట గదా,
నా పక్క బల్ల మీదే పిక్కలు కొడతాది.
మంచి గాలొస్తాదని సెప్పింది."
గాలి గురించే చెప్పింది.
అద్దె గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదనుకోవడానికి
నేనేం చిన్నపిల్లాణ్ణి కాదు.

రాత్రి రసీదు రాసేను.
వెనక్కి తిప్పి
చేతికి అలవాటైన చోట
నాలుగువేలు అని వేసి, కింద గీత గీసేను.

ఇంకా ఇవ్వలేదు.
కిటికీలోంచి కనిపిస్తోంది, సామాన్లు కడుతోంది.
ఆమె దిగే స్టాపు వచ్చేస్తోంది.