పదకొండు అంగుళాలు

ఈకను కొక్కేనికి దారంతో చుట్టి
ఈగలా నమ్మించడం నా పని.
ముప్పై నాలుగేళ్లుగా ట్రౌట్ చేపలు మోసపోతూనే ఉన్నాయి.
ఈ వసంతంలో మోసపోయింది నేను.
కొక్కెం కన్నంలోకి దారం పోలేదు.
మూడుసార్లు ఎంగిలి చేసి కొన సాగదీశాను.
కన్నుకీ కన్నానికీ మధ్య
ఎవరో ఆవిరి ఊదినట్టుంది.

డాక్టర్ ఆముండ్‌సన్ తలుపు మీద కాగితం:
"రిటైరయ్యాను. అందరికీ థ్యాంక్స్. కుక్క క్షేమం."
ముందు కుక్క గురించే అడుగుతామని
ఆయనకి తెలుసు.

దగ్గర్లో కళ్ల డాక్టరు ఎవరని ఫోనునడిగితే
నూట పది మైళ్ల అవతల బిల్లింగ్స్‌ చూపించింది.
మోంటానాలో దగ్గరంటే ఏమిటో దానికేం తెలుసు!
రెండో పేరు చనిపోయిన మనిషిది,
ఆ అంత్యక్రియలకి బంగాళాదుంపలు వండింది నేనే.
మూడోది గోళ్లరంగుల దుకాణం. ఎందుకో.
చివరికి దాణా కొట్టులో వెండెల్ క్రోకర్ చెప్పాడు:
"రైలు గేటు దాటాక పాత బ్యాంకు లేదూ, థోరా,
ఇప్పుడు అందరూ అక్కడే, ఒక్క మంద."

పాత బ్యాంకే. ఖజానా గదిలో కళ్లజోళ్ల ఫ్రేములు.
గాజు తలుపు మీద ఆరు పేర్లు,
ఏడో పేరు గీకేసిన చోట జిగురు మరక.
ఒకరు చూపు కొలుస్తారు,
ఒకరు కత్తి పడతారు, అదీ గురువారాలే,
ఒకామె జోడు చెవులకి సరిపోయేలా వంచుతుంది.
అద్దె ఉమ్మడి, యంత్రాలు ఉమ్మడి,
మన ఫైళ్లూ ఉమ్మడే.
కాఫీ తాగితే తెలిసింది, అదీ అంతే:
ఎవరిదీ కాని రుచి.
ఉమ్మడి గొడ్డు పుచ్చి చస్తుందంటారు,
పశువుల సంగతి తెలిసిన ఊరు మాది.

"మీరు నెట్‌వర్క్‌లో ఉన్నారా?" అంది కౌంటర్లో అమ్మాయి.
వలలో ఉండటం మంచిదా, కాదా?
చేపల పక్షాన నిలబడి ఆలోచించడం
నాకదే మొదటిసారి.
ఫారంలో "మీ డాక్టరెవరు" అన్న చోట
ఆముండ్‌సన్ అని రాసి, కొట్టేసి,
ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు అని రాశాను.
చెయ్యి వణికింది, చలికి అనుకుందాం.

ఖాళీగా ఉన్నది డాక్టర్ టాల్‌బుల్,
నా ట్రక్కు కన్నా వయసులో చిన్నది.
తెర మీద పాత ఫైలు తెరిచింది,
ఆయన కోడిగీతల అక్షరాలు.
చదువుతూ చదువుతూ ఆగింది:
"కార్డు పదహారు అంగుళాల్లో పెట్టొద్దు.
ఈమె లోకం పదకొండు అంగుళాల్లో ఉంటుంది.
తొందరపెడితే జవాబు అబద్ధం చెబుతుంది."

పిల్ల నవ్వలేదు. స్కేలు తీసింది.
టోపీకి గుచ్చిన కొక్కెం తీసి
రోజూ పట్టుకునేంత దూరంలో పట్టుకున్నాను.
కొలిచింది. మళ్లీ కొలిచింది.
"పదీ ముప్పావు.
మీ లోకం కాస్త దగ్గరికొచ్చింది."

తర్వాత చీకట్లో అద్దాలు తిప్పుతూ
ఒకటా, రెండా? ఒకటా, రెండా?
రెండూ ఒకటే అంటే ఒప్పుకుంది.
వెనక్కి తిప్పమంటే తిప్పింది.
హాల్లో ఎవరో దగ్గారు, పదకొండు గంటల వాళ్లు కాబోలు.
ఆమె గడియారం వైపు చూడలేదు.

శుక్లాలట, ఎడమది ముందట.
తొందరేం లేదట, కత్తి పట్టే ఆయన
ఏ గురువారమైనా హాలుకి అవతల గదిలోనే ఉంటాడట.

పది రోజులకి జోడొచ్చింది, వెనకాలే బిల్లు.
ఒక్క జత కళ్లకి మూడు పేర్లు, మూడు వరసలు.
కౌంటర్లో అమ్మాయి ఫోన్లో ఓపిగ్గా విప్పి చెప్పింది.
సగం అర్థమైంది. మొత్తం కట్టాను.

సాయంత్రం కొత్త ఈగ కట్టుకుని నదికి వెళ్లాను.
నీటి మీద గుండ్రంగా ఒక ముడత.
దాని పక్కన, మరోటేమో.
ఒకటా, రెండా?
ఎవరూ తొందరపెట్టలేదు.